పెన్నీ వసూలుకు వెళ్లి

1742 ఫిబ్రవరి 15న ఇంగ్లండులోని బ్రిస్టల్‌లో మెథడిస్టు బోధకుడు జాన్ వెస్లీ, ఆయన వెంట నడిచే కొందరు విశ్వాసులు ఒకచోట కూర్చున్నారు. ఆ రోజు మాటలు అప్పు చుట్టూనే తిరిగాయి. అంతకు మూడేళ్ల ముందు హార్స్‌ఫెయిర్ దగ్గర ‘న్యూ రూమ్’ పేరుతో వాళ్లు ఒక మందిరానికి పునాది వేశారు. గోడలు లేచాయి, పైకప్పు పడింది, బాకీ మాత్రం తీరలేదు. మందిరం కట్టించిన ఏ సంఘ పెద్దను కదిలించినా ఈ కథే చెబుతాడు.

కెప్టెన్ ఫాయ్ అనే ఆయన ఒక ఉపాయం చెప్పాడు. బాకీ తీరేదాకా సంఘంలో ప్రతి ఒక్కరూ వారానికో పెన్నీ ఇవ్వాలి. వెంటనే ఎవరో అడ్డు తగిలారు: చాలామందికి ఆ పెన్నీ కూడా పుట్టదు కదా! ఫాయ్ దగ్గర దానికీ జవాబుంది. అందరికంటే పేదవాళ్లను పదకొండు మందిని నా లెక్కలో రాయండి, వాళ్లు ఇస్తే సరే, ఇవ్వలేకపోతే నాదీ వాళ్లదీ కలిపి నేనే కడతాను, మీరూ తలా పదకొండు మంది ఇరుగుపొరుగును చూసుకోండి అన్నాడు. పదకొండు మందీ, వసూలు చేసే మనిషీ కలిస్తే పన్నెండు పెన్నీలు, అంటే సరిగ్గా ఒక షిల్లింగు. చరిత్ర ఫాయ్ గురించి ఇంతకుమించి పెద్దగా చెప్పదు. ‘వాళ్లు ఇవ్వకపోతే నేనిస్తా’ అన్న మనిషి పేరైనా మిగిలింది, అదే సంతోషం.

వసూళ్లు మొదలయ్యాయి. కొన్నాళ్లకు వసూలుకు తిరిగే ఒకాయన వెస్లీ దగ్గరికి వచ్చి, ఫలానావాడి ఇంటికి పెన్నీ కోసం వెళ్తే భార్యతో పోట్లాడుతూ కనిపించాడని చెప్పాడు. మరొకడు తాగి ఉన్నాడట. ఆదివారం మందిరంలో చూస్తే ఇద్దరూ బుద్ధిమంతులే అయ్యుండాలి. అక్కడ వెస్లీకి మెరుపు మెరిసినట్టయింది. ఇన్నాళ్లూ తాను వెతుకుతున్నది ఇదేనని తోచింది.

ఆయన వెతుకులాట ఏమిటో అర్థం కావాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి. 1739 నుంచి వెస్లీ బయలు ప్రదేశాల్లో ప్రసంగిస్తున్నాడు. బ్రిస్టల్ పక్కన కింగ్స్‌వుడ్ బొగ్గుగని కూలీలు వేలల్లో వచ్చి వినేవారు, ఏడ్చేవారు. మర్నాడు ఎవరి గనిలోకి వాళ్లు దిగిపోయేవారు. వాళ్లలో ఎవరు నిలబడ్డారో, ఎవరు జారిపోయారో తెలుసుకునే దారి ఆయనకు లేదు. మొరేవియన్ క్రైస్తవుల దగ్గర నేర్చుకున్న ‘బ్యాండ్లు’ అప్పటికే ఉన్నాయి. అయితే అవి నలుగురైదుగురు కూర్చుని ఎవరి పాపాలు వాళ్లు దాచకుండా ఒప్పుకునే చిన్న గుంపులు. ఆడవాళ్లవి వేరు, మగవాళ్లవి వేరు. అంత నిష్ఠ కొందరికే సాధ్యం. మిగతావాళ్ల సంగతేమిటి? ఆ ఖాళీని చందా పుస్తకం పూడ్చింది.

వెస్లీ వసూలుదారులను పిలిచి పని మార్చాడు. ఇక నుంచి డబ్బుతోపాటు మనిషి ఆత్మ ఎలా ఉందో కూడా అడగాలి. అవసరాన్ని బట్టి సలహా ఇవ్వాలి, మందలించాలి, ఓదార్చాలి. ఆ పన్నెండు మంది జట్టుకు ‘క్లాస్’ అని పేరు. మార్చి నెలాఖరుకే లండన్‌లోనూ ఈ పద్ధతి మొదలైంది.

ఇల్లిల్లూ తిరగడం మాత్రం ఎక్కువ కాలం సాగలేదు. చాలామంది విశ్వాసులు పెద్దిళ్లలో పనివాళ్లు, వాళ్లను చూడ్డానికి ఎవరో గుమ్మంలోకి వస్తే యజమానులు ఊరుకోరు. పైగా ఇద్దరి మధ్య మాట పట్టింపు వస్తే ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టకుండా తేలదు. అందుకని వారానికోసారి జట్టంతా ఒకచోట చేరడం మొదలైంది. ఒకే వీధివాళ్లు, ఆడా మగా కలిసి కూర్చునేవారు. నాయకత్వం చాలాచోట్ల ఆడవాళ్లదే. వాళ్లను ప్రసంగ వేదిక ఎక్కనివ్వడానికి జంకిన కాలంలోనే వారం వారం పన్నెండు ఆత్మల బాధ్యత వాళ్లకు అప్పగించారు. నన్నడిగితే ఈ కథలో అన్నిటికంటే పెద్ద తెగింపు అదే.

ఇదంతా తేనెలా సాగిందని అనుకోనక్కర్లేదు. మూడు నెలలకోసారి వెస్లీ ఒక్కొక్కరినీ విచారించి చీటీ ఇచ్చేవాడు. చీటీ అందకపోతే సంఘంలో చోటు లేనట్టే. 1743 మార్చిలో న్యూకాజిల్‌లో 64 మందిని తొలగించి, కారణాలు పద్దులా తన దినచర్యలో రాసుకున్నాడు. తాగుడుకు 17 మంది, భార్యను కొట్టినందుకు ఒకడు, సోమరితనానికి ఒకడు. అన్నిటికంటే పెద్ద సంఖ్య 29, వాళ్ల నేరం అశ్రద్ధ, తేలికతనం. భార్యను కొట్టినవాడు ఒక్కడే దొరికాడంటే నాకు నమ్మబుద్ధి కాదు. ఇక తేలికతనం అనే తూనిక ఎవరి చేతిలో ఉంటే వాళ్ల వైపు మొగ్గుతుంది. ఆప్యాయంగా అడగడానికీ ఆరా తీయడానికీ మధ్య ఉన్న గీత చాలా సన్నం.

మన పల్లె సంఘాల్లో అన్నం వండే ముందు పిడికెడు బియ్యం తీసి ప్రభువు కోసం పక్కన పెట్టే అమ్మలున్నారు. ఆ బియ్యం తీసుకోవడానికి వచ్చిన మనిషి గడపలో నిలబడి ‘పిల్లాడికి జ్వరం తగ్గిందా అమ్మా?’ అని అడుగుతుంది. వెస్లియన్ మిషనరీలు మెదక్‌లో కట్టించి 1924 క్రిస్మస్ నాడు ప్రతిష్ఠించిన చర్చి గోపురాన్ని అందరూ తలెత్తి చూస్తారు. ఆ మెథడిస్టులు పుట్టి పెరిగింది మాత్రం గడపల దగ్గరే. మన వారం మధ్య గృహ కూడికలన్నిటినీ వెస్లీ ఖాతాలో రాయలేం, వాటి వేర్లు చాలా చోట్ల ఉన్నాయి. కానీ కానుక కోసం వచ్చి క్షేమం అడిగే ఈ వరస చూసినప్పుడల్లా నాకు ఫాయ్ గుర్తొస్తాడు.

వెస్లీ ఆ పద్ధతిని బ్రిస్టల్‌లో చూసీచూడగానే ఎలా పట్టుకున్నాడు? నాకు తోచే జవాబు ఎప్‌వర్త్‌లోని ఒక ఇంట్లో ఉంది. ఆయన తల్లి సుసన్నా ఇంటినిండా ఉన్న పిల్లల్లో ఒక్కొక్కరికీ వారంలో ఒక సాయంత్రం కేటాయించింది. ఆ పూట ఆ బిడ్డను పక్కన కూర్చోబెట్టుకుని మనసులో ఏముందో అడిగేది. జాన్‌ది గురువారం. భర్త లండన్‌లో ఉన్న రోజుల్లో ఆమె వంటింట్లో పిల్లలకు పెట్టిన ఆదివారపు ప్రార్థనకు ఇరుగుపొరుగు కూడా వచ్చి చేరారు. ఆ గుంపు రెండు వందలు దాటింది, చర్చి సహాయ గురువుకు కంటగింపైంది. జాన్ పెద్దవాడై ఆక్స్‌ఫర్డ్‌లో పాఠాలు చెబుతున్న 1732లో కూడా తల్లికి ఉత్తరం రాస్తూ, చిన్నప్పుడు నాకిచ్చిన ఆ గురువారం సాయంత్రంలో కొంచెమైనా ఇప్పుడూ ఇవ్వమని అడిగాడు.

సుసన్నా చివరి రోజులు లండన్‌లో కొడుకు దగ్గరే గడిచాయి. ఆమె 1742 జూలైలో కన్నుమూసింది. బ్రిస్టల్‌లో పెన్నీ లెక్క మొదలై అప్పటికి ఐదు నెలలు.