ఊపిరి తెగు చోటు: పాలమూరు సీమలో పద్యశ్రవణము

“అన్న” యని పలికి, యొకింత యాఁగి “తమ్ముఁడు” అన్నచో తకారము తకారముగనే వినఁబడును. ఆ రెంటినే యొక్క యూపిరిలోఁ గూర్చి “అన్నదమ్ములు” అన్నంతనే యది దకారమగును. కూరయుఁ గాయయుఁ గలసి కూరగాయలగుటయు, తల్లియుఁ దండ్రియుఁ గలసి తల్లిదండ్రులగుటయు నిట్టివే. హల్లు స్వరూపమును నిర్ణయించుటలో పలుకు తెగిన చోటునకును, అతికిన చోటునకును ఇంత యధికారము గలదు.

దీనికి గసడదవాదేశమని పేరు. 1858లో చిన్నయసూరి బాలవ్యాకరణమున దీనిని సూత్రబద్ధము చేయుటకు రెండు శతాబ్దుల ముందే, 1656 నాఁటికే, పాలమూరు సీమలోని కాకునూరు ఇంటిపేరుగాఁ గలిగి పల్నాటి కామేపల్లిలో నివసించిన అప్పకవి, తన లక్షణగ్రంథమున యతిప్రాసలకొక యాశ్వాసమును, సంధులకొక యాశ్వాసమును కేటాయించెను. ఈ రెండును వేర్వేఱు శాస్త్రములుగాఁ దోఁచును గాని, నా యెఱిఁగినంతలో వీనికి మూలమొక్కటియే; రెండును చెవికి సంబంధించిన శిక్షణలే.

“రాముఁడితఁడు” అను పదసముదాయమున కంటికిఁ గనఁబడునది “డి”. అచ్చట యతి పడినచో లెక్కకు వచ్చునది “ఇతఁడు” లోని ఇకారము. అనఁగా సంధిలో మఱుఁగుపడిన పదారంభమును శ్రోత తన చెవితోఁ దిరిగి కనుఁగొనవలెను.

ఈ శిక్షణ పండితసభలకే పరిమితము కాలేదు. పదుమూఁడవ శతాబ్దమున వర్ధమానపురము, అనఁగా నేఁటి నందివడ్డెమాను, ఏలిన గోనవంశమునకుఁ జెందిన బుద్ధారెడ్డి పేరఁ బ్రసిద్ధమైన రంగనాథ రామాయణము ద్విపదలో నడచినది. మూఁడు ఇంద్రగణములు, ఒక సూర్యగణము, మూఁడవ గణాద్యక్షరమున యతి, రెండు పాదములకును ప్రాస. ఇట్టి కొలఁదిపాటి పాదము ఒక్క యూపిరికిఁ జాలును గనుకనే తోలుబొమ్మలాటవారి గొంతున నది యింతకాలము నిలిచినది. అక్షరజ్ఞానము లేని రైతు సైతము తెర ముందుఁ గూర్చుండి, ఎచ్చట మాట ముగిసి ఎచ్చట మొదలయ్యెనో పాదపు నడకవలననే గ్రహించెడివాఁడు. ఏటేట కవులను సత్కరించి “విద్వద్గద్వాల” యని పేరొందిన సంస్థానమున కీ శ్రోతలే పునాదియని నేను విశ్వసించెదను.

సుదూరమైన కొరియా దేశమున నిట్టి ధర్మమే కలదు. వారి భాషలో పదబంధము మొదట కకారమువలె వినఁబడు సరళమైన హల్లు, అదే పదబంధము నడుమ రెండచ్చుల మధ్యఁ బడినప్పుడు గకారమగును. 1993లో సన్-ఆ జున్ అను భాషాశాస్త్రజ్ఞురాలు తన సిద్ధాంతగ్రంథమున ఈ మార్పునకుఁ బరిధి పదము కాదని, ఒక్క స్వరభంగిమలో నడచు పదబంధమని నిరూపించెను.

మనకును పరిధి యదియే. “వాఁడు కొట్టె” అని యాఁగి పలికినను దోషము లేదు, “వాఁడు గొట్టె” అని కలిపి చదివినను దోషము లేదు. ప్రథమ మీఁది యాదేశము వైకల్పికము. నేఁటి పాఠశాలలో బాలురు విడఁదీసి వ్రాసిన పదముల నడుమ కూడిక గుర్తు పెట్టి ఈ సంధిని కంఠస్థము చేయుచున్నారు. ఆ రెంటిని ముందుగా విడిగాను, పిదప నొక్క యూపిరిలోను వారిచేఁ బలికించిన యుపాధ్యాయునకు సూత్రము వేఱుగఁ జెప్పవలసిన పని యుండదు.