మూగజీవాల వైద్యం - వక్ఫ్ సంప్రదాయం

ఒక పేదవాని గాడిద కాలు విరిగింది. దానిని బాగుచేయించడానికి అయ్యే ఖర్చు ఆ గాడిద వెలకంటే ఎక్కువ. పెంపుడు గాడిద మాంసం నిషిద్ధం గనుక కోసి అమ్ముకునే మార్గం కూడా లేదు. అప్పుడు ఆ వైద్యం ఖర్చు ఎవరు భరించాలి? నేడు పట్టణాలలో ఇంటి పిల్లికి శస్త్రచికిత్స చేయించవలసి వచ్చి, అందుకు తగిన డబ్బులేని కుటుంబాల ముందు నిలిచే ప్రశ్న కూడా ఇదే. జంతువుల వైద్యానికి దానధర్మాలు చేయడం పాశ్చాత్యుల నుండి నేర్చుకున్న కొత్త అలవాటని మనలో కొందరి అభిప్రాయం. చరిత్ర తెలిసినవారు ఆ మాట అనలేరు.

దప్పికతో నాలుక చాచిన కుక్కకు నీళ్ళు తాపినవాని పాపాలు క్షమించబడ్డాయని దైవప్రవక్త (సఅసం) చెప్పగా, జంతువుల విషయంలో కూడా పుణ్యముందా అని సహచరులు అడిగారు. ప్రాణమున్న ప్రతి జీవి పట్ల చేసే మేలుకూ ప్రతిఫలం ఉందన్నది వారికి లభించిన సమాధానం. ఈ హదీసు అందరూ ఎరిగినదే. అంతగా ప్రచారంలో లేనిది హజ్రత్ ఉమర్ (రజి) ఆచరణ. ఆయన ఒంటె వీపుమీది పుండును చేతితో తాకి చూసి, నీ బాధను గురించి అల్లాహ్ నన్ను ప్రశ్నిస్తాడేమోనని భయపడేవారని ఇబ్న్ సఅద్ నమోదు చేశారు. ప్రజాధనంగా ఉన్న సదఖా ఒంటెలకు గజ్జి సోకితే, ఎండలో నిలబడి స్వయంగా కీలు పూసేవారని కూడా ఉల్లేఖనాలున్నాయి. ఖలీఫా వంటివాడు ఆ పనిని సేవకునికి అప్పగించకపోవడం గమనించదగినది.

ధర్మశాస్త్రవేత్తలు ఈ భావాన్ని బాధ్యతగా మలిచారు. క్రీ.శ. 1262లో మరణించిన ఇజ్జుద్దీన్ ఇబ్న్ అబ్దుస్సలామ్ (రహ్మ) మనిషిపై జంతువులకు గల హక్కులను వివరిస్తూ, అది ముసలిదైనా, జబ్బుపడి ఇక ఎందుకూ పనికిరాకపోయినా దాని పోషణకు ఖర్చు పెట్టవలసిందేనన్నారు. పనిచేసినన్నాళ్ళు వాడుకుని, మూలనపడగానే వీధిలోకి తోలివేసే యజమానికి ఇందులో ఏ వెసులుబాటూ లేదు.

యజమాని వద్ద నిజంగానే డబ్బు లేకపోతే? 1570లో మరణించిన షాఫియీ పండితుడు అల్ ఖతీబ్ అష్షర్బీనీ ఇందుకు ఒక క్రమాన్ని చెప్పారు. న్యాయాధికారి ఆ జంతువును గానీ, అందులో భాగాన్ని గానీ అమ్మాలి, లేదా అద్దెకివ్వాలి. అదీ సాధ్యం కానప్పుడు బైతుల్ మాల్ నుండి దాని పోషణ జరగాలి. అక్కడా వీలుకాకపోతే ఆ భారం ముస్లిములందరిది. ఒక పేదవాని మూగజీవి బాధ్యత చివరకు సమాజమంతటి బాధ్యతగా మారుతున్నది! మన ప్రాంతంలో అత్యధికులు అనుసరించే హనఫీ మజ్‌హబులో ప్రబలమైన అభిప్రాయం వేరు. యజమాని అల్లాహ్ ముందు బాధ్యుడే గాని, న్యాయస్థానం అతన్ని బలవంతం చేయదు. అయితే ఇమామ్ అబూ యూసుఫ్ (రహ్మ) బలవంతం చేయవచ్చుననే అన్నారు. ఈ గ్రంథాల చర్చ ప్రధానంగా మేత, నీటి చుట్టూ తిరుగుతుంది. వైద్యాన్ని గురించి అంత విపులంగా మాట్లాడదు. ఆ లోటును పూరించినది దానధర్మాలే.

ఏ ధనమన్నది మరో ప్రశ్న. జకాత్‌కు ఖుర్ఆన్ (9:60) ఎనిమిది పద్దులు నిర్ణయించింది. వాటిలో జంతువుకు వాటా లేదు. కాని పేద యజమాని తన పేదరికం మూలంగా జకాత్ తీసుకుని దానిని తన అవసరానికి ఖర్చు పెట్టుకోవచ్చు. ఐచ్ఛిక సదఖాకూ, వక్ఫ్‌కూ ఇటువంటి హద్దు లేదు.

వైద్యం చేసేవారి విషయంలోనూ కట్టుబాట్లుండేవి. అరబ్బీలో పశువైద్యుణ్ణి బైతార్ అంటారు. అది గ్రీకు నుండి వచ్చిన మాట. (దక్కనీ ఉర్దూలో వినిపించే సలోత్రీ మన దేశపు శాలిహోత్రుని పేరు నుండి పుట్టింది.) మమ్లూక్ సుల్తాన్ అన్నాసిర్ ముహమ్మద్ ఆస్థానంలోని అబూ బక్ర్ అల్ బైతార్ గుర్రాల వైద్యంపై రచించిన గ్రంథం సుల్తాన్ పేరు మీదుగా అన్నాసిరీ అని ప్రసిద్ధిచెందింది. సుల్తాన్ గుర్రానికి అంతటి వైద్యుడున్నాడు సరే, బజారులోని గాడిదకు? దానికి ముహ్తసిబ్ ఉన్నాడు. 12వ శతాబ్దంలో సిరియాకు చెందిన అష్షైజరీ తన హిస్బా గ్రంథంలో బైతార్లకు ఒక అధ్యాయమే కేటాయించారు. జంతువుల రోగాలు మూడు వందలకు పైగా ఉన్నాయనీ, అవి తెలియనివాడు వాతలు పెట్టడానికీ, రక్తం తీయడానికీ, కోతకూ పూనుకోరాదనీ అన్నారు. అజ్ఞానంతో జంతువుకు హాని చేస్తే, తగ్గిన వెలను ఆ వైద్యుడే చెల్లించాలి.

ఇక వక్ఫ్. యజమాని ఉన్న జంతువు పేరిట వక్ఫ్ చెల్లుతుందా అని పండితులు వాదించుకున్నారు. మక్కా పావురాల కోసం వక్ఫ్ చెల్లుతుందని ఇమామ్ గజాలీ (రహ్మ) తీర్పు. ఈజిప్టు సుల్తాన్ బైబర్స్ (మరణం 1277) కైరోలో తన మసీదు సమీపంలోని ఒక తోటను దిక్కులేని పిల్లుల కోసం వక్ఫ్ చేశాడని, దానిని పిల్లుల తోట అనేవారని 1830లలో అక్కడ నివసించిన ఆంగ్లేయుడు ఎడ్వర్డ్ లేన్ వ్రాశాడు. అతని కాలానికి ఆ తోట పలుమార్లు చేతులు మారింది. వక్ఫ్‌కు దక్కేది నామమాత్రపు అద్దె. అయినా ధర్మం పూర్తిగా ఆగలేదు: ప్రతి సాయంత్రం ఖాజీ న్యాయస్థానం ముంగిట పిల్లులకు ఆహారం పెట్టేవారు. ముతవల్లీలు తోటను కాపాడలేకపోయారు. ఖాజీ మాత్రం ఆనవాయితీని కాపాడాడు. మొరాకోలోని ఫెజ్ నగరంలో 1286లో స్థాపించిన సీదీ ఫ్రేజ్ వైద్యశాల మనుష్యులదే గాని, గాయపడిన కొంగలకు కూడా అక్కడ చికిత్స జరిగేదని ప్రతీతి. తుర్కీలోని బుర్సాలో 19వ శతాబ్దంలో వలస కొంగల కోసం ప్రత్యేకంగా ఒక ఆశ్రయమే ఉండేది.

19వ శతాబ్దంలో వక్ఫ్ ఆదాయాలు ప్రభుత్వాల చేతికి వెళ్ళాయి. ఉస్మానీయులు 1826లో ఇస్తాంబుల్‌లో వక్ఫుల మంత్రిత్వశాఖను నెలకొల్పారు; ఈజిప్టులో అంతకుముందే ముహమ్మద్ అలీ వక్ఫ్ భూములపై చేయి వేశాడు. చిన్న చిన్న ధర్మాలు ముందుగా ఎండిపోయాయి. పిల్లుల తరఫున దావా వేసేవారెవరు?

ఆ ఖాళీలోకి విదేశీయులు వచ్చారు. బ్రిటిష్ సైన్యాధికారి భార్య డొరతీ బ్రూక్ 1930లో కైరో చేరినప్పుడు, మొదటి ప్రపంచయుద్ధంలో పనిచేసి అక్కడే అమ్ముడుపోయిన సైనికాశ్వాలు ముదుసలివై బండ్లు లాగుతూ కనిపించాయి. 1931లో ఆమె లండన్ పత్రికకు లేఖ వ్రాసింది. వచ్చిన విరాళాలతో సుమారు 5,000 గుర్రాలను కొన్నారు. వాటిలో అత్యధిక భాగం బాగుపడే స్థితిలో లేనందున బాధలేని మరణమే వాటికి ప్రసాదించగలిగారు. అవి తమ దేశం విడిచిపోయిన గుర్రాలు గనుక ఆమె మొదట చెల్లించినది ఒక రకంగా స్వదేశపు అప్పే. కాని 1934లో స్థాపించిన ఆసుపత్రి తలుపులు కైరో పేదల గాడిదలకూ, కంచరగాడిదలకూ ఉచితంగా తెరుచుకున్నాయి. అంతకు ముందే, 1927లో, ఫెజ్‌లో అమెరికన్ల విరాళాలతో అటువంటి ఉచిత పశువైద్యశాల ఒకటి మొదలైంది. దానికి వారు పెట్టుకున్న పేరు ఫొందూక్. వ్యాపారులు పై అంతస్తులోనూ, వారి వాహన జంతువులు క్రింది వసారాలోనూ బసచేసే పాత సత్రాలను ఆ నగరంలో ఈ పేరుతోనే పిలుస్తారు.