కోసిగి దారిలో తోపు నీడ

కోసిగిలో అడవి పార్కు లేదు. జమీందారు కట్టించిన మహలు గానీ, దాని చుట్టూ పెంచిన వనం గానీ లేవు. గుంతకల్లు నుంచి రాయచూరు పోయే రైలుదారిలో ఆదోని దాటాక, మంత్రాలయం రోడ్డు స్టేషను రాకముందు తగిలే ఊరు ఇది. చేల మధ్య ఉన్నట్టుండి లేచిన గ్రానైటు గుట్టలు దీని ఆనవాలు. ఊరికి దక్షిణాన, రైలుకట్టకు చేరువలో, పక్కపక్కనే నిలిచిన రెండు గుండ్ల దొంతరలను జనం అక్కచెల్లెళ్ళు అన్నారు. ఆదోని తాలూకా బళ్ళారి జిల్లాలో ఉన్న కాలంలో రాసిన గెజిటీరులోకి కూడా ఆ పేరు ఎక్కింది. ఎవరో పేర్చినట్టు కనబడే ఆ గుండ్లు నిజానికి ఒకే బండ. నెర్రెల వెంట చీలి, ఎండకూ వానకూ అంచులు అరిగి, మధ్యనున్న మెత్తని మట్టి కొట్టుకుపోగా మిగిలిన రాళ్ళు అవి. ఇలాంటి గుట్టల్లో రాయికీ రాయికీ మధ్య సందులో దోసెడు మట్టి చేరితే చాలు, సీతాఫలం మొక్క వేరు పట్టేస్తుంది. తీరిగ్గా నడిచి చూడదగ్గ చోటే. అయినా ఈ సీమలో సరదాగా నడవడానికి ఏముంది, ఎండ తప్ప అని బయటివాళ్ళే కాదు, మనమూ అనేస్తాం. ఆ మాట చరిత్రకు నిలవదు. ఇక్కడ నడకకు అనువైన నేల ప్రకృతి ఇచ్చింది కాదు, ప్రభువు దయతో దొరికింది కాదు. బాట పక్క చెట్టు నాటి, బావి తవ్వి, ఆ రెంటినీ అందరివిగా ఉంచి మనుషులు తయారు చేసుకున్నది. ఇప్పుడు పోగొట్టుకుంటున్నదీ ఆ మనుషుల పనినే.

మనకు ఎస్టేటు వనాలు ఎందుకు లేవో ముందు చూడాలి. 1800లో నిజాం ఈ ప్రాంతాన్ని ఈస్టిండియా కంపెనీకి దత్తం చేశాడు, దత్తమండలాలన్న పేరు అలా వచ్చిందే. మొదటి కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో, అప్పటికి ఇక్కడ చలాయిస్తున్న సుమారు 80 మంది పాళెగాళ్ళ బలం అణచి, రైతు పేరునే పన్ను కట్టే పద్ధతిని స్థిరపరిచాడు. ఉత్తర సర్కారుల్లో నిలబడినట్టు పెద్ద జమీలు ఇక్కడ నిలబడలేదు. బనగానపల్లె నవాబుల సంస్థానం లాంటివి ఒకటీ అరా మిగిలాయి. ఊరి బయట మిట్ట మీద ఆ నవాబులు కట్టించిన బంగళాకు 2009లో వచ్చిన సినిమా తర్వాత అరుంధతి కోట అనే పేరే స్థిరపడింది. మిగతా చోట్ల నేల చిన్న చిన్న పట్టాలుగా చీలింది. పట్టాకు ఎక్కని బండిబాట, వంక, గుట్ట, తోపు, చెరువుకట్ట పోరంబోకు పేరుతో ఊరందరి పట్టున మిగిలాయి. ఇంగ్లండు కథ దీనికి తలకిందులు. అక్కడ కొండలూ అడవులూ ప్రభువుల వేట మైదానాలుగా ఉండేవి. వాటిలోకి మామూలు జనాన్ని రానివ్వాలని 1932 ఏప్రిల్ 24న కిండర్ స్కౌట్ కొండ మీదికి కార్మికులు గుంపుగా ఎక్కారు, కొందరు జైలుకు పోయారు. 1949లో ఒక చట్టం, 2000లో మరొకటి వచ్చాక గానీ ఆ హక్కు గట్టిపడలేదు. వాళ్ళు మూసిన గేటు తెరిపించుకోవాల్సి వచ్చింది. మనకు గేటే లేదు. తెరిచి ఉన్నదాన్ని మనం రెండు పక్కల నుంచీ దున్నేసుకుంటున్నాం.

బాట పక్క నీడా నీళ్ళూ ఏర్పరచడం ఈ సీమలో ఎంత పాత పని అన్నదానికి రాతి సాక్ష్యం ఉంది. గుత్తి నుంచి పత్తికొండ పోయే దారిలో, జొన్నగిరికి దగ్గర ఎర్రగుడి గుండ్ల మీద అశోకుడి శాసనాలున్నాయి. పద్నాలుగు పెద్ద శాసనాలూ, వాటితో పాటు చిన్న శాసనాలూ ఒకేచోట దొరికే అరుదైన స్థలం అది. వాటిలో రెండో శాసనం చెప్పేది మందుల గురించీ దారుల గురించీ. మనుషులకూ పశువులకూ పనికొచ్చే మందు మొక్కలు లేనిచోటికి తెప్పించి నాటించామనీ, దారుల వెంట బావులు తవ్వించి చెట్లు పెట్టించామనీ దాని సారాంశం. క్రీస్తుకు పూర్వం 3వ శతాబ్దంలో ఈ మాట ఇక్కడి బండ మీద చెక్కించారంటే, ఇది నలుగురూ నడిచే దారి అయ్యుండాలి. ఆ నడిచేవాళ్ళకు నీడా నీళ్ళూ కరువై ఉండాలి. సుమారు రెండు వేల ఏళ్ళ తర్వాత అదే సీమలో ఇంకో పాలకుడి జ్ఞాపకం కూడా ఇదే రూపం తీసుకుంది. మద్రాసు గవర్నరు హోదాలో దత్తమండలాలను చివరిసారిగా చూడవచ్చిన మన్రో 1827 జూలై 6న పత్తికొండలో కలరాతో చనిపోయాడు. గుత్తిలో పూడ్చిపెట్టి, తర్వాత అస్థికలను చెన్నపట్నం కోటలోని చర్చికి తరలించారు. చెన్నపట్నంలో ఆయనకు గుర్రం మీది కంచు విగ్రహం వెలిసింది. పత్తికొండలో మాత్రం ప్రభుత్వం తోపు నాటించి, రాతిమెట్ల బావి కట్టించింది. పట్నానికి విగ్రహం, సీమకు చెట్టూ బావీ. చనిపోయిన మనిషిని తలచుకోవడానికి ఈ నేల మీద ఏది పనికొస్తుందో ఆ నిర్ణయం చేసినవాళ్ళకు బాగా తెలుసు. ఈ రెంటి మధ్య కాలంలో పేరు లేనివాళ్ళు చేసినది ఇంకా ఎక్కువ. చెరువో బావో తవ్వించి కాపాడినవాళ్ళకు శిస్తులో వాటా గానీ మాన్యం గానీ ఇచ్చే దశబంధం ఇనాములు దత్తమండలాల్లో విరివిగా ఉండేవి. 1858లో ఏర్పడిన ఇనాం కమిషన్ లెక్కలు తీసినప్పుడు సత్రాలకూ చలివేంద్రాలకూ తోపులకూ ఇచ్చిన మాన్యాలు కూడా బయటపడ్డాయి. అంటే నీడను ఎవరో ఒకరి పుణ్యానికి వదిలెయ్యలేదు. దాన్ని చూసుకునే మనిషికి తిండిగింజల ఏర్పాటు కూడా చేశారు. 1830 మే నెలలో చెన్నపట్నం నుంచి కాశీకి బయలుదేరి కడప, అహోబిలం, శ్రీశైలం మీదుగా సాగిన ఏనుగుల వీరాస్వామయ్య, మజిలీ మజిలీకీ నీళ్ళ వసతి, దారి బాగోగులు, దిగడానికి చోటు రాసిపెట్టుకున్నాడంటే, అప్పటి ప్రయాణికుడికి ఊరి మంచిచెడ్డలు తేల్చే గీటురాళ్ళు అవే.

అడవి నడక కూడా మనకు కొత్త కాదు. ఉగాదికి ముందు కన్నడ దేశం నుంచి మల్లన్న భక్తులు వేల సంఖ్యలో కాలినడకన శ్రీశైలం పోతారు. ఆత్మకూరు దాటి వెంకటాపురం, నాగలూటి, పెచ్చెర్వు, భీముని కొలను మీదుగా నల్లమల ఎక్కుతారు. శ్రీశైలానికీ అహోబిలానికీ మెట్లు కట్టించిన కీర్తి 14వ శతాబ్దపు రెడ్డిరాజు ప్రోలయ వేమారెడ్డిది. ఈనాడది పులుల అభయారణ్యం. అయినా ఆ రోజుల్లో దారి తెరుస్తారు, దారి పొడవునా ఊళ్ళవాళ్ళు మజ్జిగా అన్నమూ పెడతారు, కందిన అరికాళ్ళకు నూనె రాస్తారు. శ్రావణంలో ఉరుకుంద ఈరన్న దగ్గరికి జనం పోటెత్తడం కోసిగి చుట్టుపక్కల అందరికీ తెలిసిందే. కొండనూ అడవినీ పాదాలతో తెలుసుకునే అలవాటు మన జనంలో బతికే ఉంది. దాని మీద దెబ్బ పడింది 1882 మద్రాసు అటవీ చట్టం తర్వాత. రిజర్వు గీత గీశాక ఊరివాళ్ళు తమ గుట్ట మీదికి మేకను తోలినా, కట్టె ఏరుకున్నా నేరమైంది. 1921-22లో పల్నాడులోనూ కడప జిల్లాలోనూ ఆ ఆంక్షల మీద జనం తిరగబడటానికి అదే కారణం. అడవి అంటే సర్కారుది, మనది కాదు అనే భావన అప్పుడు నాటుకుంది. తమది కానిదాన్ని ఎవరు కాపాడతారు?

నడకకు అనువైన ఈ నేలను కాపాడుకోవాలన్న మాటకు గట్టి అభ్యంతరమే ఒకటుంది. ఆ రోజుల్లో నడిచినవాళ్ళెవరూ సరదాకు నడవలేదు, బండి లేక నడిచారు. 1876-78 కరువులో బళ్ళారి, కర్నూలు, కడప జిల్లాల దారుల వెంట నడిచింది ఆకలి. ఆ కరువు కోసిగిని చావుదెబ్బ కొట్టింది. ఈనాటికీ పంట చేతికి రాని ఏడాది కోసిగి, ఆదోని పల్లెల్లో ఇళ్ళకు తాళాలు పడతాయి, పిల్లాజెల్లతో సుగ్గికి, అంటే వలస కూలికి, పోతారు, పత్తి ఏరడానికీ మిరప కోయడానికీ. అలాంటి చోట వాహ్యాళి బాటల ముచ్చట తిన్నది అరగనివాళ్ళ మాట కాదా? ఈ ప్రశ్న అడిగేవాళ్ళ బాధ నిజమైనదే. కానీ తోపు ఎవరి కోసం పుట్టిందో వాళ్ళు మరిచిపోతున్నారు. సర్కారు బంగళాలో దిగే దొరకు బాట పక్క చింతచెట్టుతో పని లేదు. తలమీద మూటతో, చంకలో బిడ్డతో నడిచే ఆడమనిషికే ఉంది. బస్సు ఆగే కూడలి నుంచి చేను దాకా, ఊరి నుంచి బడి దాకా ఇవాళ కూడా జనం నడుస్తూనే ఉన్నారు. పనికి నడిచేవాడికి చల్లగా ఉన్న బాట సాయంత్రం ఊరికే నడిచేవాడికీ చల్లగానే ఉంటుంది. సరదా నడకకని విడిగా చోటు కట్టనక్కర్లేదు. అక్కరకు నడిచే దారిని బాగుచేస్తే సరదా దాని వెంటే వస్తుంది.

రెండో అభ్యంతరానికి నేను తల వంచుతాను. తోపూ బావీ అందరివని అన్నాను, అందరివీ కావు. కులం తక్కువని చాలామందిని బావి మెట్టు దిగనివ్వలేదు, రచ్చకట్ట మీద కూర్చోనివ్వలేదు. ప్రభుత్వ కాగితంలో అందరిదైన చెరువు ఊళ్ళో అందరిదీ కాదని, 1927లో మహద్‌లో అంబేడ్కర్ వేలమందితో నడిచి వెళ్ళి ఆ నీళ్ళు తాగి చూపించాల్సి వచ్చింది. కాబట్టి పాతకాలం మంచిదని, దాన్ని ఉన్నదున్నట్టు తెచ్చుకుందామని నేను అనడం లేదు. కాని పోరంబోకు అన్న హోదాలో ఒక బలముంది. అది ఎవరి పట్టా కాదు గనుక, రానివ్వం అన్నవాడి మాటకు చట్టంలో ఆధారం లేదు. అదే నేల రాత్రికి రాత్రి ఎవరి గట్టులోనో కలిసిపోతే, ఆ హక్కు అడగడానికి కూడా చోటు మిగలదు. డొంక పోయినప్పుడు అందరికన్నా ముందు దారి పోయేది దళితవాడ వాళ్ళకే, వెనకున్న అరెకరం చేనువాళ్ళకే.

కంచె వేసి, గేటు పెట్టి, టికెట్టు పెట్టకపోతే చెట్టూ మిగలదు, కోటా మిగలదు అనేది మూడో వాదన. నగరవనాలు ఆ ఆలోచనలోంచి వచ్చినవే, పట్నాలకు వాటి మేలు వాటిది. కోసిగి లాంటి చోట అది చెల్లదని నా అభిప్రాయం. పక్కనే ఉన్న ఆదోనిని చూడండి. గుట్టల వరస మీద కట్టిన ఆ కోటను 1786లో టిప్పు సుల్తాను పట్టుకుని కూల్పించాడు. ఆ తర్వాత ఏ కంచే దాన్ని కాపాడలేదు. కింద ఊళ్ళో 17వ శతాబ్దంలో బిజాపూరు తరఫున పాలించిన సిద్ది మసూద్ ఖాన్ కట్టించిన జామియా మసీదు మాత్రం నిక్షేపంగా ఉంది. మొగలు సేన ఫిరంగులు దాని వైపు తిప్పితే, మసీదు దెబ్బతినకూడదని ఆయన కోటనే వదులుకున్నాడని చెబుతారు. రణమండల కొండ మీది ఆంజనేయుడి దగ్గరికి మెట్లూ అలాగే నిలిచాయి. ఆ మసీదూ ఈ మెట్లూ నిలబడింది రోజూ జనం అడుగుపెట్టబట్టే. వాడకంలో ఉన్నదానికి కాపలా మనిషి వేరే అక్కర్లేదు.

అయితే కోసిగికి కావలసింది పెద్ద పథకం కాదు. రాష్ట్రంలో 2020 డిసెంబరులో మొదలైన భూముల రీసర్వేలో బండిబాటలూ వంక ఒడ్లూ పాత గ్రామ నక్షాలో ఉన్న వెడల్పుతో కొత్త పటంలోకి ఎక్కాయో లేదో ఊరివాళ్ళు కూర్చుని సరిచూసుకోవాలి. ఎక్కకపోతే అర్జీ పెట్టాలి. స్టేషను నుంచి అక్కచెల్లెళ్ళ గుండ్ల దాకా పోయే బాటను ముందుగా తీసుకోవచ్చు. దారి పొడవునా వేప, చింత, కానుగ చాలు. ఇవి ఈ నేలకు అలవాటైన చెట్లు, పూల మొక్కల్లా రోజూ నీళ్ళు అడగవు. కాని మొదటి రెండు మూడు ఎండాకాలాలు మాత్రం పాదుకు నీళ్ళు పడాల్సిందే. జూన్‌లో ఫొటోలకు నాటిన మొక్కలన్నీ మార్చికి ఎండిపోతున్నది అక్కడే. వెనకటి మాన్యం చేసిన పని ఇప్పుడు ఉపాధి పనులు చెయ్యగలవు. నాటడానికి ఒక్కరోజు కూలి ఇచ్చి వదలకుండా, నీళ్ళు పోసే మనిషికి మూడేళ్ళ పాటు నెలనెలా కూలి కట్టాలి. నీళ్ళు పొయ్యాల్సిన నెలలూ, ఊరు సుగ్గికి కదిలే నెలలూ చాలావరకు ఒకటే. ఆ పని ఉంటే కొన్ని ఇళ్ళకైనా ఆ ఏడు తాళం పడదు, ఆ ఇళ్ళ పిల్లలు బడి మానరు.