పురానాపూల్ నుంచి చాదర్‌ఘాట్ దాకా: మూసీ గట్టు చరిత్ర

హైదరాబాద్‌లో పురానాపూల్ దగ్గర మొదలై చాదర్‌ఘాట్ వంతెన వద్ద ముగిసే మూసీ గట్టు పొడవు సుమారు 3 కిలోమీటర్లు మాత్రమే అయినా, పడమర నుంచి తూర్పుకు ఈ గట్టు వెంట నడిచే వారికి కుతుబ్‌షాహీల వంతెన, సిటీ కాలేజీ, హైకోర్టు, ఉస్మానియా ఆసుపత్రి, రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం, సాలార్‌జంగ్ మ్యూజియం, పాత బ్రిటిష్ రెసిడెన్సీ ఒకదాని తరువాత ఒకటిగా ఎదురవుతాయి. నగర చరిత్ర రాసినవారు వీటిలో ప్రతి కట్టడాన్నీ విడివిడిగా వర్ణించడం పరిపాటి. అయితే వీటిలో ముఖ్యమైనవి అనేకం 1908 సెప్టెంబరు 28న వచ్చిన వరద తరువాత, ఆ వరద మిగిల్చిన శిథిలాల చోటనే, నదిని అదుపులో పెట్టే ప్రయత్నంతో పాటు పైకి లేచినవి. ఆ సంగతి గుర్తుంచుకున్నప్పుడే ఈ గట్టు మీది కట్టడాల మధ్య ఉన్న సంబంధం అర్థమవుతుంది.

వికారాబాద్ దగ్గరి అనంతగిరి కొండల్లో పుట్టిన మూసీకి పాత పేరు ముచుకుంద. దక్షిణం నుంచి వచ్చే ఈసీ నది లంగర్‌హౌజ్ వద్ద, ఇప్పటి బాపూఘాట్ దగ్గర, దీనిలో కలుస్తుంది. అక్కడి నుంచి నగరం మధ్యగా సాగి నల్లగొండ జిల్లా వాడపల్లి వద్ద ఈ నది కృష్ణలో కలుస్తుంది. వానాకాలంలో తప్ప పెద్దగా నీరు పారని నది కావడం వల్ల దీని వరద గురించి జనం ఏమరుపాటుగా ఉండడం, ఆ ఏమరుపాటుకు మూల్యం చెల్లించడం ఈ నగర చరిత్రలో పదేపదే జరిగింది.

గట్టుకు పడమటి కొసన ఉన్న పురానాపూల్, అంటే పాత వంతెన, హైదరాబాద్ కంటే వయసులో పెద్దది. గోల్కొండను ఏలిన ఇబ్రహీం కుతుబ్‌షా కాలంలో 1578లో దీన్ని కట్టారు. చార్మినార్ కేంద్రంగా మహమ్మద్ కులీ కుతుబ్‌షా కొత్త నగరాన్ని నెలకొల్పింది 1591లో. గోల్కొండ కోట నదికి ఉత్తరాన ఉండగా మచిలీపట్నం రేవుకు పోయే సరుకుల దారి దక్షిణపు ఒడ్డుకు దాటవలసి రావడం వల్ల ఈ వంతెన అవసరమైంది. వంతెన వెలిసి దారి స్థిరపడిన తరువాతనే దక్షిణపు ఒడ్డున నగరం పుట్టడానికి వీలు కలిగింది. నల్లరాతితో కట్టిన 22 కమానుల మీద సుమారు 600 అడుగుల పొడవున, 35 అడుగుల వెడల్పున ఇది నిలిచింది. పదిహేడో శతాబ్దంలో గోల్కొండ వజ్రాల కోసం వచ్చిన ఫ్రెంచి వర్తకుడు తావెర్నియే దీని అందాన్ని పారిస్‌లోని పేరుపొందిన వంతెనతో పోల్చి మెచ్చుకున్నాడు. వాహనాల రాకపోకలు పక్కనున్న మరో వంతెన మీదికి మారిన తరువాత ఈ రాతి వంతెన కూరగాయల సంతగా మారింది. ఒకనాడు బిడారులు నడిచిన బాట మీద గోనెపట్టాలు పరచి టమాటాలు, ఆకుకూరలు రాశులు పోసి అమ్ముతారు.

ప్రియురాలు భాగమతిని కలుసుకోవడానికి పొంగుతున్న నదిలో గుర్రాన్ని దూకించిన కొడుకు మహమ్మద్ కులీ కోసం ఇబ్రహీం కుతుబ్‌షా ఈ వంతెన కట్టించాడనే కథ జనంలో బలంగా నాటుకుపోయింది. వంతెన పూర్తయిన నాటికి మహమ్మద్ కులీకి 12, 13 ఏళ్లకు మించి వయసు లేదు కాబట్టి చరిత్రకారులు ఈ కథను ఒప్పుకోరు. కథ ఎంత మధురంగా ఉన్నా ఈ వంతెనకు అసలు కారణం వర్తకం. అలా చెప్పినంత మాత్రాన దాని గౌరవం తగ్గదు. సామాన్యులైన బాటసారులు, బండివాళ్లు ఏటి దగ్గర ఆగిపోకూడదని ఒక రాజు ఇంత రాతిని పేర్పించాడనడం ప్రేమకథ కంటే చిన్న విషయం కాదు.

పద్దెనిమిదో శతాబ్దంలో మొఘల్ సుబేదారు ముబారిజ్ ఖాన్ మొదలుపెట్టి, మొదటి నిజాం పూర్తి చేయించిన కోటగోడ నగరం చుట్టూ లేచినప్పుడు మూసీ దాదాపు కందకం పాత్ర వహించింది. నగరం గోడ లోపల ఉండిపోయి నదికి పెడముఖం పెట్టింది. ఒడ్డుకు చేరాలంటే దర్వాజాలు, అంటే కోటగోడ వాకిళ్లు, దాటి రావలసిందే. ఆ దర్వాజాల్లో పురానాపూల్, దబీర్‌పురా దర్వాజాలు మాత్రమే ఇప్పుడు మిగిలాయి. అఫ్జలుద్దౌలా నిజాంగా ఉన్న కాలంలో, మొదటి సాలార్‌జంగ్ దివాన్‌గా, అంటే ప్రధానమంత్రిగా, ఉన్నప్పుడు, నయాపూల్, అంటే కొత్త వంతెన, అఫ్జల్ దర్వాజా తయారై ఉత్తరపు ఒడ్డున అఫ్జల్‌గంజ్ బజారు పెరిగింది. 1866లో అక్కడ ఒక ఆసుపత్రి వెలిసింది. మత్తుమందుగా క్లోరోఫాం ఎంతవరకు సురక్షితమో తేల్చడానికి 1888, 1889లలో ఎడ్వర్డ్ లారీ అనే వైద్యుడి చొరవతో హైదరాబాద్‌లో జరిగిన పరిశోధనలు ప్రపంచ వైద్యరంగంలో చర్చకు వచ్చాయి. ఆ పరిశోధనలు ముగిసి ఇరవై ఏళ్లయినా గడవకముందే ఆ ఆసుపత్రి మొత్తంగా నదిలో కలిసిపోయింది.

1908 నాటి వరదను పాత నగరంలో ‘తుగ్యానీ’ అంటారు. ఉర్దూలో ఆ మాటకు వెల్లువ అని అర్థం. ఆ సెప్టెంబరు చివర కురిసిన వాన అసాధారణమైనది. శంషాబాద్‌లో ఒక్కరోజులోనే 12 అంగుళాలకు పైగా నమోదైంది. నదీ పరీవాహక ప్రాంతంలో, అంటే వాన నీరు జారి ఈ నదిలోకి చేరే భూభాగమంతటా, 788 చెరువులు ఉండగా వాటిలో 221 తెగిపోయాయని తరువాత దర్యాప్తు చేసిన ఇంజనీరు మోక్షగుండం విశ్వేశ్వరయ్య లెక్క తేల్చాడు. గొలుసుకట్టు చెరువుల్లో, అంటే పై చెరువు అలుగు నీరు కింది చెరువుకు చేరేలా వరుసగా కట్టిన చెరువుల్లో, పైది తెగితే కిందిది ఆగదు. తరతరాలుగా పంటకు ఆధారమైన ఆ ఏర్పాటే ఆ రాత్రి నగరం మీద విరుచుకుపడింది. అఫ్జల్‌గంజ్ దగ్గరి నయాపూల్, ముస్లింజంగ్ వంతెన, చాదర్‌ఘాట్ వంతెన మూడూ కొట్టుకుపోగా, మూడు శతాబ్దాల కిందటి పురానాపూల్ దెబ్బలు తిన్నా నిలబడింది. చనిపోయినవారు సుమారు 15,000 మంది అని, నిలువ నీడ కోల్పోయినవారు 80,000 మంది అని సాధారణంగా చెబుతారు.

ఆ సంఖ్యల కంటే ఆ గట్టు మీద ఇప్పటికీ నిలిచి ఉన్న ఒక చింతచెట్టు ఎక్కువ చెబుతుంది. ఉస్మానియా ఆసుపత్రి ఆవరణను ఆనుకుని అఫ్జల్ పార్కులో ఉన్న ఆ చెట్టు కొమ్మలను పట్టుకుని సుమారు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారు. చుట్టూ ఇళ్లు, వంతెనలు, ఆసుపత్రి కూలిపోతుండగా ఒక చెట్టు వేళ్లు పట్టు వదలలేదు. ఆ వరదలోనే తల్లిని, భార్యను, కూతురిని పోగొట్టుకుని బతికిన అమ్జద్ హైదరాబాదీ తరువాతి కాలంలో ఉర్దూ రుబాయీలకు, అంటే నాలుగు పాదాల పద్యాలకు, పేరుపొందిన కవి అయ్యాడు. తుగ్యానీ మీద ఆయన రాసిన కవిత ఆ రాత్రికి సాక్ష్యంగా నిలిచింది. ఒక పురోహితుడి మాట మీద ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ నదికి చీర, పసుపు కుంకుమలు సమర్పించాడని కూడా నగరంలో తరతరాలుగా చెప్పుకుంటారు.

మరుసటి ఏడాది వచ్చిన విశ్వేశ్వరయ్య సూచనలు రెండు దిశల్లో సాగాయి. నగరానికి ఎగువన మూసీ, ఈసీ నదుల మీద జలాశయాలు కట్టి వరదను అక్కడే పట్టి మెల్లగా వదలడం మొదటిది. నగరంలో ఒడ్డులను ఎత్తు చేసి, గోడలు కట్టి, వాటి వెంట విశాలమైన బాటలు, ఉద్యానవనాలు ఏర్పరచడం రెండోది. మొదటి సూచన ఫలితంగా 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. రెండోదాన్ని ఏడో నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ 1912లో నెలకొల్పిన నగరాభివృద్ధి సంస్థ చేపట్టింది. ఈ రెండు పనులనూ విడదీసి చూడడం పొరపాటు. ఎగువన జలాశయాలు వస్తాయన్న ధైర్యం లేకుండా దిగువన గట్టును ఆనుకుని న్యాయస్థానాన్ని, ఆసుపత్రిని కట్టడానికి ఏ ప్రభుత్వమూ పూనుకునేది కాదు.

కొత్త గట్టు మీద మొదట లేచిన పెద్ద కట్టడం హైకోర్టు. 1915లో శంకుస్థాపన జరిగిన ఈ భవనాన్ని 1920 ఏప్రిల్ 20న ప్రారంభించారు. జైపూర్‌కు చెందిన శంకర్‌లాల్ నమూనా గీయగా, ఇంజనీరు మెహర్ అలీ ఫాజిల్, వాస్తుశిల్పి విన్సెంట్ ఎష్ పనిని నడిపించారు. ఎష్ చేతుల మీదుగానే సిటీ హైస్కూలు, అంటే ఇప్పటి సిటీ కాలేజీ, ఆ తరువాత ఎదుటి ఒడ్డున ఉస్మానియా ఆసుపత్రి రూపుదిద్దుకున్నాయి. భవన ప్రణాళికను ఐరోపా పద్ధతిలో ఉంచి, పైన గుమ్మటాలు, ఛత్రీలు, కోసు కమానుల వంటి ఈ దేశపు రూపాలను తొడిగే ఈ తీరును ఇండో-సారసెనిక్ శైలి అంటారు. హైకోర్టు ఎర్రరాయి, గులాబిరంగు గ్రానైట్ కలిసి నదికి ఎదురుగా నిలబడితే, ఆవలి ఒడ్డున ఆసుపత్రి తెల్లని గుమ్మటాలు దానికి జవాబిస్తున్నట్టు ఉంటాయి. గోడ చాటున ఉండి నదికి పెడముఖం పెట్టిన నగరం మొదటిసారిగా నదివైపు తిరిగి నిలబడింది ఈ రెండు భవనాలతోనే. పైగా అలా నదికి ఎదురుగా నిలిపింది మహళ్లను కాదు, కోర్టును, ఆసుపత్రిని, బడిని. ఆ ఎంపికలోని ఔన్నత్యం తగినంతగా గుర్తింపు పొందలేదు. 1891లో మొదలైన ఆసఫియా గ్రంథాలయం, అంటే ఇప్పటి రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం, 1936లో అఫ్జల్‌గంజ్‌లోని సొంత భవనానికి రావడంతో ఈ వరుస పూర్తయింది. 

నయాపూల్ దాటి తూర్పుకు నడిస్తే కనిపించే సాలార్‌జంగ్ మ్యూజియం ఈ గట్టు మీదికి ఆలస్యంగా వచ్చింది. మూడో సాలార్‌జంగ్ సేకరించిన వస్తువులను 1951లో ఆయన వంశపు నివాసమైన దివాన్‌ దేవ్‌డీలోనే ప్రదర్శనకు ఉంచారు. దేవ్‌డీ అంటే ప్రాకారంతో కూడిన పెద్ద భవంతి. 1968లో మ్యూజియాన్ని నది ఒడ్డున ఇప్పుడున్న భవనానికి మార్చారు. దానికి ఈశాన్యంగా ఉత్తరపు ఒడ్డున ఉన్న రెసిడెన్సీ అన్నిటికంటే భిన్నమైనది. హైదరాబాద్ దర్బారులో ఈస్టిండియా కంపెనీ ప్రతినిధి జేమ్స్ అకిలీస్ కిర్క్‌పాట్రిక్ పందొమ్మిదో శతాబ్దం మొదటి ఏళ్లలో కట్టించిన ఈ భవనంపై 1857 జూలై 17న తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ నాయకత్వంలో తిరుగుబాటుదారులు దాడి చేశారు. 1949లో అది కోఠీ మహిళా కళాశాల అయింది. ఇప్పుడు చాకలి ఐలమ్మ పేరు గల మహిళా విశ్వవిద్యాలయం. ఒక దొర కోసం కట్టిన మేడకు దొరలను ఎదిరించిన స్త్రీ పేరు పెట్టడం సముచితం.

ఆ తరువాత నది నీరసించింది. జలాశయాలు నగరానికి తాగునీరు ఇచ్చి ప్రాణం పోశాయి కానీ దిగువన పారే మంచినీరు సన్నగిల్లి, ఆ ఖాళీని మురుగునీరు నింపింది. ఒడ్డు వెంట నడవడానికి కట్టిన బాటలకు జనం దూరమయ్యారు. 2020 జూలైలో వాన నీరు వార్డుల్లోకి చేరడంతో ఉస్మానియా ఆసుపత్రి పాత భవనాన్ని ఖాళీ చేయించారు. హైకోర్టుకు రాజేంద్రనగర్ వైపు, ఆసుపత్రికి గోషామహల్‌లో కొత్త భవనాలు తలపెట్టారు. కొత్త భవనాలు అవసరమే. కానీ పాతవి ఖాళీ అయిన తరువాత పని లేక, పట్టించుకునేవారు లేక శిథిలమైతే, 1908 తరువాత నదివైపు తిరిగిన నగరం మళ్లీ దానికి పెడముఖం పెట్టినట్టే అవుతుంది. కోర్టును, ఆసుపత్రిని, గట్టు గోడను, పార్కులను, వంతెనలను కలిపి ఒకే వారసత్వ సంపదగా గుర్తించి, కాలిబాటను పునరుద్ధరించి, ఈ భవనాలను ప్రజలకు పనికొచ్చే వాడుకలోనే ఉంచడం ప్రభుత్వం మీద, నగర పౌరుల మీద ఉన్న బాధ్యత.

నది తన దారి మరచిపోలేదు. 1994 నుంచి మహాత్మాగాంధీ బస్ స్టేషన్ నడుస్తున్న చోటు మూసీ పాయల మధ్య ఉన్న లంక. ఇమ్లీబన్, అంటే చింతతోపు, అని దాని పాత పేరు. 2025 సెప్టెంబరు 26 రాత్రి ఎగువ జలాశయాల గేట్లు ఎత్తినప్పుడు ఆ బస్ స్టేషన్ నీట మునిగింది. తెల్లవారితే సెప్టెంబరు 27, తుగ్యానీకి 117 ఏళ్లు నిండడానికి ఒక్క రోజు తక్కువ.