శివంగి

ఖమ్మం, భద్రాచలం అడవుల సరిహద్దున ఒకప్పుడు తిరిగేదని చెప్పుకునే క్రూరమృగం. సివంగి అనీ రాస్తారు. ఇది ఏ జంతువన్నది తేలలేదు. కొందరు చీతా అంటారు, కొందరు దుమ్ములగొండి అంటారు, ఆడసింహం అనుకునేవారూ ఉన్నారు. తెగువగల స్త్రీని శివంగితో పోల్చడం మాత్రం వాడుకలో నిలిచిపోయింది.

ఈ మూడు వాదాల్లో చీతా వాదానికే బలమెక్కువ. ప్రకృతి శాస్త్రవేత్త జెర్డన్ 1867లో ప్రచురించిన భారత క్షీరదాల గ్రంథంలో చీతాకు కన్నడ పేరుగా సివంగినే ఇచ్చాడు. తెలుగు పేరు చీతాపులి అన్నాడు. చీతా నడుము సన్నం, కాళ్లు పొడవు. ఒంటిమీద విడివిడి నల్లచుక్కలు, కంటి మూల నుంచి నోటిదాకా నల్లటి చార ఉంటాయి. చిరుత మచ్చలు గుత్తులుగా ఉంటాయి, ముఖాన ఆ చార ఉండదు. అయితే మసకవెలుతురులో చూసినవారు ఈ తేడా పట్టగలరా అన్నది అనుమానమే. పైగా చీతా మైదానాల్లో పరిగెత్తి వేటాడే జంతువు; గోదావరి ఒడ్డు దట్టమైన అడవులు దానికి అంతగా నప్పవు. ఇక దుమ్ములగొండి అసలు పిల్లి కుటుంబానిదే కాదు.

మన దేశపు చివరి చీతాలుగా చెప్పే మూడింటిని 1947లో, నేటి ఛత్తీస్‌గఢ్‌లోని కొరియా సంస్థానంలో కాల్చి చంపారు. 1952లో చీతా అంతరించినట్టు ప్రకటించారు. 2022 సెప్టెంబరు 17న నమీబియా నుంచి 8 చీతాలను మధ్యప్రదేశ్‌లోని కూనోకు తెచ్చారు. అవి ఆఫ్రికా ఉపజాతివి. మన దేశంలో ఒకప్పుడు తిరిగినది ఆసియా చీతా, అది నేడు ఇరాన్‌లో కొద్ది సంఖ్యలో మిగిలింది.