పెళ్ళి పనివారి సమ్మతి: వితంతు వివాహం నుంచి స్వలింగ వివాహం వరకు

ఉపోద్ఘాతం

వివాహాన్ని శాస్త్రం విధిస్తుంది, చట్టం గుర్తిస్తుంది; దానిని జరిపించేది మాత్రం వృత్తిదారులు. తెలుగునాట అరివేణి కుండలు చేసే కుమ్మరి, మంగళసూత్రం చేసే కంసాలి, సన్నాయి మేళం వాయించే నాయీబ్రాహ్మణులు, వంటవారు, పురోహితుడు అందరూ వచ్చి నిలిస్తేనే అది లోకం దృష్టిలో పెళ్ళి అయ్యేది. వీరి సమ్మతికీ నిరాకరణకూ ఒక చరిత్ర ఉంది. స్వలింగ జంటల వేడుకలకు వృత్తిదారులు ముందుకు రావడం, రాకపోవడం అనే నేటి ప్రశ్నను ఆ చరిత్ర వెలుగులో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

నిరాకరణ – వెలి

గ్రామసమాజంలో కట్టుబాటు తప్పిన కుటుంబానికి పెద్దలు వెలి విధించేవారు. వెలి అంటే సహపంక్తి భోజనం మానడం మాత్రమే కాదు. రజకులు, నాయీబ్రాహ్మణులు, పురోహితులు ఆ గడప తొక్కకుండా కట్టడి చేయడం. ఇక్కడ నిరాకరణ వృత్తిదారుని సొంత నిర్ణయం కాదు. కట్టడి మీరితే శిక్ష అతనికీ తప్పదు.

వితంతు పునర్వివాహ చట్టం 1856లోనే వచ్చింది. పాతికేళ్ళ తరువాత, 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం తొలి వితంతు వివాహం జరిపించినప్పుడు ఎదురైనది ఈ వెలి భయమే. కాకినాడకు చెందిన పైడా రామకృష్ణయ్య ధనసహాయం చేశారు. విద్యార్థులు అండగా నిలిచారు. వంటవారు, నీళ్ళు తెచ్చేవారు వెనుదీయగా రాజ్యలక్ష్మమ్మ స్వయంగా గోదావరి నీళ్ళు మోసి వంట చేశారు. చట్టం అనుమతించిన పెళ్ళికి పొయ్యి వెలిగించే మనిషి దొరకలేదు.

అమెరికా వ్యాజ్యాలు

చట్టానికీ వృత్తికీ మధ్య ఇటువంటి ఎడమే ఇటీవలి దశాబ్దాలలో అమెరికాలో కనిపిస్తుంది. అయితే అక్కడ నిరాకరణకు ఆధారంగా చెప్పినది కులకట్టడి కాదు, వ్యక్తిగత మతవిశ్వాసం. 2006లో న్యూ మెక్సికోలో ఒక ఫోటోగ్రఫీ సంస్థ ఇద్దరు స్త్రీల వేడుకకు పనిచేయడానికి నిరాకరించింది. ప్రజలందరికీ సేవలందించే వ్యాపారం ఇటువంటి వివక్ష చూపరాదని ఆ రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానం 2013లో తీర్పు చెప్పింది. 2012లో కొలరాడోలో ఒక బేకరీ యజమాని ఇద్దరు పురుషుల పెళ్ళికి కేకు చేయనన్నాడు. 2015 జూన్ 26న స్వలింగ వివాహం దేశమంతటా చట్టబద్ధమైనా ఆ వివాదం ముగియలేదు. 2018 జూన్ 4న సుప్రీంకోర్టు 7–2 ఆధిక్యంతో బేకరీ పక్షాన తీర్పునిచ్చింది. దానికి కారణం రాష్ట్ర కమిషన్ అతని మతం పట్ల చూపిన వైముఖ్యం. నిరాకరించే సాధారణ హక్కును ఆ తీర్పు ఇవ్వలేదు. 2023 జూన్ 30న 6–3 ఆధిక్యంతో వెలువడిన మరో తీర్పు, తన నమ్మకానికి విరుద్ధమైన పెళ్ళి వెబ్‌సైట్లు రూపొందించమని ఒక డిజైనరును ప్రభుత్వం బలవంతపెట్టరాదన్నది. అందువల్ల భావప్రకటనతో ముడిపడిన సృజనకూ, కుర్చీలు అద్దెకిచ్చే సేవకూ మధ్య గీత ఎక్కడ గీయాలన్నదే అక్కడి చర్చకు కేంద్రమైంది.

హైదరాబాదు: తలకిందులైన వరుస

భారతదేశంలో ఈ వరుస తారుమారైంది. 2018 సెప్టెంబరు 6 నాటి తీర్పు స్వలింగ సంబంధాలపై నేరముద్రను తొలగించింది కాని వివాహ గుర్తింపునివ్వలేదు. అయినా 2021 డిసెంబరులో హైదరాబాదు శివారులోని ఒక రిసార్టులో ఇద్దరు పురుషులు బంధుమిత్రుల సమక్షంలో మెహందీ, హల్దీ, సంగీత్‌లతో వేడుక చేసుకున్నారు. వారి స్నేహితురాలైన ఒక ట్రాన్స్ మహిళ ఆ తంతు నడిపించారు. ఆ ఇద్దరిలో ఒకరి పేరుతోనే ప్రసిద్ధమైన సుప్రియో కేసులో, స్వలింగ వివాహానికి చట్టబద్ధత కల్పించలేమని సుప్రీంకోర్టు 2023 అక్టోబరు 17న తీర్పు చెప్పింది. 1881లో చట్టం ఉంది, పనివారు లేరు. 2021లో పనివారు ఉన్నారు, చట్టం లేదు.

ఈ మార్పుకు ప్రధాన కారణం వృత్తిసంబంధాల స్వభావం మారడమే. నగరంలో వంటకు, అలంకరణకు ఒప్పుకొనేవారు కులపెద్దల ఆనతికి కాక ఒప్పందానికి కట్టుబడతారు. కాని ఈ స్వాగతం కొనుక్కోగలిగినవారికే దక్కుతుంది. చిన్న పట్టణంలో ఫంక్షన్ హాలు యజమాని కాదంటే దారేది? సేవలలో ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల పట్ల వివక్షను 2019 నాటి చట్టం నిషేధించింది. స్వలింగ జంటల పేరెత్తి అటువంటి రక్షణనిచ్చే కేంద్ర చట్టం లేదు.

ముగింపు

రాజమహేంద్రవరంలో వృత్తిదారులు విడిచిన పనిని ఇంటి ఇల్లాలు చేపట్టింది. వీరేశలింగం దంపతుల వంటి అండ ఆ జంటకు ఉంది. స్వలింగ జంటలలో ఎందరికో పుట్టిల్లే దూరమవుతుంది. నీళ్ళు మోసే బంధువు ఉండరు. అటువంటివారి పెళ్ళిలో పందిరి వేసేవాడు, వంట చేసేవాడు, మేళం వాయించేవాడు కూలికి వచ్చినవారు మాత్రమే కారు. లోకం తరఫున వచ్చిన సాక్షులు కూడా. వివాహ సంస్కరణ చరిత్రను చట్టాల తేదీలతోనే కాక, ఏ పెళ్ళికి ఏ పనివారు వచ్చారన్న లెక్కతో కూడా రాయవలసి ఉంది.