కొనాలా, అమ్మాలా? – వాటాల బజారులో చిన్న మదుపరి చరిత్ర

పదవీ విరమణ నాడు చేతికి వచ్చే గ్రాట్యుటీ, కమ్యుటేషన్ సొమ్ము జీవితంలో ఒక్కసారే వస్తుంది. దాన్ని పోస్టాఫీసులో వేయాలా, బ్యాంకులో వేయాలా, షేర్లలో పెట్టాలా అన్న చర్చ మన వాళ్లు నలుగురు కూడిన చోటల్లా వస్తూనే ఉంటుంది. ఫలానా షేరు కొనవచ్చునా, ఉన్నది అమ్మేయవచ్చునా అని ఒకరడిగితే నలుగురూ నాలుగు విధాల చెబుతారు. ఈ ప్రశ్నలు కొత్తవేమీ కావు. నూట అరవై ఏళ్లుగా మన దేశంలో సామాన్యులు ఇవే అడుగుతున్నారు. కాలం వారికి ఏం జవాబు చెప్పిందో క్లుప్తంగా తెలియజేయడమే ఈ వ్యాసం ఉద్దేశం. ఏ షేరు కొనాలో చెప్పడం మాత్రం కాదు.

పత్తి తెచ్చిన సంపద

1861లో అమెరికాలో అంతర్యుద్ధం మొదలైంది. అక్కడి పత్తి ఇంగ్లండుకు రావడం ఆగిపోయింది. లాంకషైర్ మిల్లులు మన పత్తి కోసం ఎగబడ్డాయి. బొంబాయికి డబ్బు వరదలా వచ్చింది. ఆ డబ్బుతో కొత్త బ్యాంకులు, సముద్రాన్ని పూడ్చి నేల తీసే కంపెనీలు పుట్టుకొచ్చాయి. వాటి షేర్ల కోసం వర్తకులే కాదు, గుమాస్తాలు కూడా పోటీపడ్డారు. ఆ రోజుల్లో షేర్ల వ్యాపారానికి పెద్ద దిక్కు ప్రేమ్‌చంద్ రాయ్‌చంద్. 1865లో యుద్ధం ముగియగానే పత్తి ధర పడిపోయింది, దానితో పాటు షేర్లూ కూలాయి. బ్యాంక్ ఆఫ్ బాంబే సైతం మునిగింది. ప్రేమ్‌చంద్ కూడా దివాలా తీశారు. అయితే మంచి రోజుల్లో ఆయన ఇచ్చిన విరాళంతో కట్టి, ఆయన తల్లి పేరు పెట్టిన రాజాబాయి గడియార స్తంభం ఇప్పటికీ బొంబాయిలో నిలిచి ఉంది. దలాలీలు ఒక సంఘంగా ఏర్పడి కట్టుబాట్లు పెట్టుకున్నది ఆ తరువాతే, 1875లో. నేటి బొంబాయి స్టాక్ ఎక్స్చేంజికి అదే మూలం. ముందు నష్టం, తరువాత నిబంధన. ఈ వరస ఆనాటి నుంచి నేటి దాకా మారలేదు.

మన హైదరాబాదు

హైదరాబాదు స్టాక్ ఎక్స్చేంజి నిజాం పాలనలో, 1943లో ఏర్పడింది. 1958లో భారత ప్రభుత్వ గుర్తింపు పొందింది. దేశమంతటినీ కంప్యూటర్లతో కలిపిన నేషనల్ స్టాక్ ఎక్స్చేంజి 1994లో పని మొదలుపెట్టాక ఊరూరా ఉన్న ఎక్స్చేంజిలకు బేరాలు తగ్గాయి. 2007లో మన ఎక్స్చేంజి గుర్తింపు రద్దయింది.

“ఫారం దొరుకుతుందా?”

1973 నాటి విదేశీ మారకద్రవ్య నియంత్రణ చట్టం ప్రకారం అనేక విదేశీ కంపెనీలు తమ వాటాను 40 శాతానికి తగ్గించుకోవలసి వచ్చింది. కోల్గేట్ వంటివి తమ షేర్లను మన ప్రజలకు అమ్మాయి. ధరను కంపెనీ కాక ఢిల్లీలోని మూలధన జారీల కంట్రోలరు నిర్ణయించేవారు. ఆ ధర తక్కువగా ఉండేది కనుక షేరు దక్కితే లాభమే. 1977లో రిలయన్స్ పది రూపాయల షేర్లతో ప్రజల ముందుకు వచ్చింది. ఆ కాలంలో ఏ కంపెనీ మంచిదన్న ప్రశ్నకన్నా ఫారం దొరుకుతుందా, అలాట్‌మెంట్ వస్తుందా అన్నదే పెద్ద ప్రశ్న. కట్టిన సొమ్ము నెలల తరబడి కంపెనీ దగ్గరే ఉండేది.

దక్కిన తరువాత మరో తంటా. షేరు అమ్మాలంటే ట్రాన్స్‌ఫర్ డీడు మీద స్టాంపులంటించి, సంతకం చేసి, కాగితాలన్నీ జతపరచి పంపాలి. సంతకం తేడా ఉందని అవి తిరిగి వచ్చేవి. పోస్టులో పోయినవీ ఉన్నాయి, దొంగ సర్టిఫికెట్లూ ఉన్నాయి. 1996లో డిపాజిటరీల చట్టం వచ్చి, షేర్లు డీమ్యాట్ ఖాతాలోకి మారాక గాని ఆ బాధ తీరలేదు.

1992, ఆ తరువాత

1990 జూలైలో తొలిసారి 1,000 దాటిన సెన్సెక్స్ 1992 ఏప్రిల్‌లో 4,400 దాటింది. హర్షద్ మెహతా పేరు ఇంటింటా వినిపించింది. బ్యాంకుల మధ్య ప్రభుత్వ బాండ్ల లావాదేవీల్లో తిరగవలసిన సొమ్ము షేర్లలోకి మళ్లిందని ఏప్రిల్ చివర బయటపడింది. ఏడాది తిరిగేసరికి సూచీ సుమారు సగానికి దిగింది. పైకి పోతున్నప్పుడు కొన్న చిన్నవారికి లాభం గూబల్లోకి వచ్చింది. 1988లో ఏర్పడిన సెబీకి చట్టబద్ధమైన అధికారాలు దక్కింది ఆ 1992లోనే. కంట్రోలరు పదవి రద్దయిందీ అప్పుడే. ఇక ధర కంపెనీ ఇష్టం. ఆ స్వేచ్ఛను అడ్డం పెట్టుకొని 1990ల మధ్యలో ఎన్నో కంపెనీలు ప్రజల సొమ్ము వసూలు చేసి చిరునామా లేకుండా పోయాయి. “అసలు కంపెనీ ఉన్నదా?” అన్నది ఆనాటి మదుపరి ప్రశ్న.

యు.ఎస్. 64 పాఠం

షేర్ల జోలికి పోని ఉద్యోగులు కూడా నమ్మినది యూనిట్ ట్రస్టును. 1964 జూలైలో మొదలైన యు.ఎస్. 64 పథకం ప్రభుత్వ హామీతో సమానమని చాలామంది భావించారు. నిజానికి అందులో సొమ్ము చాలావరకు షేర్లలోనే ఉండేది, అసలు విలువ మాత్రం మదుపరికి తెలియజేసేవారు కాదు. 2001 ఏప్రిల్, మే నెలల్లో పెద్ద కంపెనీలు 14 రూపాయల పై ధరకు వేల కోట్లు వెనక్కు తీసుకున్నాయి. జూలై 2న ట్రస్టు అమ్మకాలు, తిరుగు కొనుగోళ్లు నిలిపివేసింది. చిన్న మదుపరులకు తొలుత 3,000 యూనిట్ల వరకు పది రూపాయల చొప్పున వెసులుబాటు ఇచ్చారు. ఓపిక పట్టినవారికి 2003లో 5,000 యూనిట్ల వరకు 12 రూపాయల లెక్క కట్టి, 6.75 శాతం పన్నులేని బాండ్లు ఇచ్చారు. అవి 2008లో తీరాయి. నేడు ప్రతి మ్యూచువల్ ఫండు తన యూనిట్ విలువను రోజూ ప్రకటిస్తున్నది.

మన ఊరి కంపెనీ

మనకు తెలిసిన కంపెనీ అయితే భయం లేదనుకునేవారికి జవాబు 2009 జనవరి 7న దొరికింది. లెక్కల్లో చూపిన వేల కోట్లు లేవని సత్యం కంప్యూటర్స్ అధిపతి రామలింగరాజు స్వయంగా లేఖ రాశారు. ఒక్కరోజులో షేరు సుమారు 179 రూపాయల నుంచి 40 రూపాయల దిగువకు పడింది. ఏప్రిల్‌లో టెక్ మహీంద్రా 58 రూపాయల ధరకు కంపెనీని చేపట్టింది. భయంతో అమ్మినవారూ, ఆశతో ఉంచుకున్నవారూ ఇద్దరూ చీకట్లోనే నిర్ణయం తీసుకున్నారు. ఎందుకంటే వారి ముందున్న లెక్కలే అబద్ధం.

నేటి ప్రశ్న

ఈ చరిత్రంతా చూస్తే ఒకటి స్పష్టం. మదుపరి ఎప్పుడూ “ఏది కొనాలి?” అని అడిగాడు. అతనికి ఎక్కువ నష్టం కలిగించినవి మాత్రం వేరే ప్రశ్నలు. నా సొమ్ము ఎవరి చేతిలో ఉంది? కాగితం అసలుదేనా? లెక్క నిజమేనా? వీటికి చాలావరకు చట్టాలు వచ్చాయి. నేడు ఇష్యూకు దరఖాస్తు చేస్తే అలాట్‌మెంట్ దాకా సొమ్ము మన ఖాతాలోనే ఉంటుంది. 2023 జనవరి నుంచి బేరం మరునాటికే తెమిలిపోతున్నది.

అయితే మన పిల్లలు, మనవలు నేడు సెల్‌ఫోనులో ఆడుతున్న ఫ్యూచర్స్, ఆప్షన్స్ వేరు. 2021-22 నుంచి 2023-24 వరకు మూడేళ్లలో అందులో దిగిన వ్యక్తుల్లో 93 శాతం మంది నష్టపోయారని, మొత్తం నష్టం 1.8 లక్షల కోట్లు దాటిందని సెబీయే 2024 సెప్టెంబరులో ప్రకటించింది. ఇక్కడ మోసం లేదు, లెక్క సరైనదే, చట్టం అమలులోనే ఉంది. అయినా సొమ్ము పోతున్నది. 1964 నాటి కేంద్ర సివిల్ సర్వీసుల ప్రవర్తనా నియమావళి 16వ నిబంధన ఉద్యోగి అప్పుడప్పుడు షేర్లలో మదుపు చేయడాన్ని అనుమతించి, తరచుగా కొనుగోలు, అమ్మకాలు చేయడాన్ని జూదం కింద లెక్కగట్టింది. ఆ తేడా ఇంట్లో పిల్లలకు మనమే చెప్పాలి.

చివరగా ఒక మనవి. 2019 ఏప్రిల్ నుంచి కాగితం షేర్లను ఇతరులకు బదిలీ చేయడం ఆగిపోయింది. డీమ్యాట్‌లోకి మార్చాకనే అమ్మగలం. యజమాని గతిస్తే వారసుల పేరిట మార్చే వీలు మాత్రం ఉంది. ఏడేళ్లు వరసగా డివిడెండు తీసుకోకపోతే ఆ సొమ్ము, షేర్లు కూడా ప్రభుత్వ మదుపరుల రక్షణ నిధికి పోతాయి. దరఖాస్తు పెట్టుకుంటే తిరిగి వస్తాయి. పెట్టె అడుగున పాత సర్టిఫికెట్లు ఉన్నవారు తీసి చూడండి. నామినీ పేరు రాయించండి. ఏ కాగితం ఎక్కడుందో ఇంట్లో ఆడవారికి కూడా చెప్పి ఉంచండి. దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలి కదా.